మారుమూల అబొరిజినల్ ఊళ్లో లైంగిక ఆరోగ్యం గురించి చెప్పాలి: నార్తర్న్ టెరిటరీ అనుభవమున్నవాళ్లు సలహా ఇవ్వగలరా?

కొత్తపోస్టింగ్:

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీలో క్యాథరిన్ పట్టణం నుంచి చాలా లోపలికి ఉన్న ఒక అబొరిజినల్ (ఆదివాసీ) ఊరి క్లినిక్‌లో నర్సుగా చేరబోతున్నాను. క్లినిక్‌ని నడిపేది ఆ సముదాయం వాళ్ల సొంత ఆరోగ్య సంస్థే. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలకీ, కుర్రతల్లులకీ లైంగిక ఆరోగ్యం, గర్భనిరోధకాలు, సుఖవ్యాధి పరీక్షల గురించి చెప్పే కార్యక్రమానికి నన్ను సాయంగా ఉండమన్నారు.

నా దగ్గర సిటీ హైస్కూళ్లలో వాడే స్లైడ్లు ఉన్నాయి. అవి అక్కడ పనికొస్తాయా? అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ విడిగా కూర్చోబెడితే సరిపోతుందా, ఇంకా చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా? వ్యాధుల ఫోటోలు చూపించొచ్చా? పాఠం అయ్యాక ఎవరైనా పరీక్ష చేయించుకుంటానంటే అప్పటికి ఏమేం సిద్ధంగా పెట్టుకోవాలి? అక్కడ పనిచేసినవాళ్లు వివరంగా చెబితే మేలు.

ఎర్రమట్టి:

స్లైడ్ల సంగతి తర్వాత చూద్దామండీ. ఈ మాటలు ఎవరి నోటి నుంచి రావాలి, ఎవరి చెవిన పడకూడదు అన్న రెండూ ముందు తేలాలి.

ఆడవాళ్ల సంగతులు ఆడవాళ్ల మధ్యే, మగవాళ్ల సంగతులు మగవాళ్ల మధ్యే ఉండాలన్నది అక్కడ చట్టమంత గట్టి కట్టుబాటు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి గర్భసంచి బొమ్మ చూపిస్తే మీ కార్యక్రమం ఆ పూటతో ముగిసిపోతుంది. వేర్వేరు గదులు ఇచ్చినా సరిపోదు. పక్క గదిలోకి మాటలు వినిపించకూడదు, ఆడపిల్లల పోస్టర్ మర్నాడు అబ్బాయిలు కూర్చునే గోడమీద ఉండకూడదు. ఇంటికిచ్చి పంపే కాగితం అన్నదమ్ముల కంట పడితే ఆ పిల్ల తలెత్తుకోలేదు. అందుకే చాలాచోట్ల కాగితాలు ఇవ్వరు. వీలైతే అమ్మాయిల్ని ఊరికి కాస్త దూరంగా ఆడవాళ్లు మామూలుగా కూర్చునే చోటికి తీసుకెళ్లండి. ఆ చోటు ఎక్కడన్నది పెద్ద ఆడవాళ్లే చెబుతారు.

దీనికి తోడు బంధుత్వాల లెక్క ఒకటుంది. అత్తకీ అల్లుడికీ మధ్య దూరం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. టాప్ ఎండ్‌లో, అంటే టెరిటరీ ఉత్తర భాగంలో, చాలా సముదాయాల్లో పెద్దయ్యాక అన్నాచెల్లెళ్లు కూడా ఒకరి శరీరం గురించి మాట వినకూడదు, పేరు కూడా పలకరు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఇంటిపేర్లు చూసి మీరు పోల్చుకోలేరు. స్కిన్ నేమ్ అనే వరస ప్రకారం, రక్తసంబంధం లేనివాళ్లు కూడా అన్నాచెల్లెళ్లే అవుతారు. కాబట్టి గ్రూపులు మీరు చేయకండి. క్లినిక్‌లో ఉండే అబొరిజినల్ హెల్త్ ప్రాక్టీషనర్‌కి వదిలేయండి. పాఠం మధ్యలో ఎవరైనా లేచి వెళ్లిపోతే వెనక్కి పిలవొద్దు, కారణం అడగొద్దు. వాళ్లు వినకూడని మాట ఏదో అక్కడ నడుస్తూ ఉండొచ్చు, లేదా ఎదుటపడకూడని మనిషి దగ్గర్లోకి వచ్చి ఉండొచ్చు.

అనుమతులు రెండు రకాలు. కాగితాల మీదవి: ఓకర్ కార్డ్ లేకుండా పిల్లలతో పనిచేయనివ్వరు, అబొరిజినల్ భూమిలోకి వెళ్లడానికి ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ కావాలి. ఈ రెండూ ఎలా తెచ్చుకోవాలో సంస్థవాళ్లు చెబుతారు. రెండోది మనుషుల అనుమతి. సంస్థ బోర్డు, పెద్ద ఆడవాళ్లు, పెద్ద మగవాళ్లు, స్కూలు, పిల్లల తల్లిదండ్రులు. మొదటి నెల పాఠమే చెప్పకుండా వీళ్లతో కూర్చోవడానికే వెచ్చించినా అది వృథా కాదు. మీరు వాడబోయే ప్రతి బొమ్మా ముందు పెద్దావిడల చేతిలో పెట్టండి. "ఇది తీసేయ్" అంటే మారు మాట్లాడకుండా తీసేయండి.

ఊళ్లో ఎవరైనా చనిపోతే అన్ని కార్యక్రమాలూ ఆగిపోతాయి. వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. మళ్లీ ఎప్పుడన్నది వాళ్లే చెబుతారు, మీరు తేదీ అడిగి తొందరపెట్టొద్దు. చనిపోయినవాళ్ల పేరు, ఫోటో, గొంతు ఉన్న వీడియోలు కూడా వెంటనే పక్కనపెట్టాలి. పాత ప్రచార వీడియోలు వేసే ముందు అందులో ఉన్నవాళ్లు అందరూ బతికే ఉన్నారా అని తప్పకుండా కనుక్కోండి.

భాష సంగతి. క్యాథరిన్ చుట్టుపక్కల ఎక్కువమంది మాట్లాడేది క్రియోల్. వినడానికి ఇంగ్లిష్‌లా ఉంటుంది కాబట్టి అర్థమైపోయిందని మీరూ, మీకు అర్థమైందని వాళ్లూ అనుకునే ప్రమాదం ఎక్కువ. అబొరిజినల్ ఇంటర్‌ప్రెటర్ సర్వీస్‌లో బుక్ చేసేటప్పుడు ఆడమనిషా, మగమనిషా అన్నది స్పష్టంగా చెప్పండి, ఆ ఊరివాళ్లతో వరస కుదురుతుందా అన్నది కూడా అడగండి. పాఠానికి ముందు అరగంట దుబాసీతో విడిగా కూర్చుని శరీర భాగాలకు, రక్తస్రావానికి, సంభోగానికి నలుగురిలో వాడదగ్గ మాటలేవో ఖాయం చేసుకోవాలి. ఈ అరగంట ఎగ్గొట్టారంటే పాఠం మధ్యలో దుబాసీ తల దించుకుని మాట్లాడటం మానేస్తుంది.

"అర్థమైందా?" అని అడిగితే అందరూ అవునంటారు. ఎదుటివాళ్లని నొప్పించకుండా, ఆ ఇబ్బందిలోంచి బయటపడటానికి అనే అవును అది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. "మీ ఫ్రెండ్ మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందని చెబితే తనని ఎక్కడికి తీసుకెళ్తావు, అక్కడ ఏం జరుగుతుంది?" అని అడగండి. ఒక్క పిల్లని వేలెత్తి చూపకుండా అందరి మధ్యా ప్రశ్న వదిలేసి ఊరుకోండి. ఆ మౌనం ఎంతసేపున్నా మీరు నింపకండి. కళ్లలోకి సూటిగా చూడటం కూడా తగ్గించాలి. పక్కపక్కన కూర్చుని చేత్తో ఏదో పని చేస్తూ మాట్లాడితే మాట తేలిగ్గా వస్తుంది.

చేతిపనికి ఒక పద్ధతి చెబుతాను. పాత దుప్పటి నేల మీద పరిచి, పెద్దావిడ ఒప్పుకుంటే ఒకరిని దానిమీద పడుకోబెట్టి బొగ్గుతో చుట్టూ గీత గీస్తారు. గర్భసంచి, అండాశయాలు, మూత్రాశయం ఆకారాల్లో గుడ్డముక్కలు ముందే కత్తిరించి పెట్టుకోండి. గర్భసంచి పిడికిలంత, అండాశయం బాదంకాయంత. సిటీ పోస్టర్లలో ఇవి పొట్టంతా నిండినట్టు ఉంటాయి, అందుకే అసలు కొలతలోనే కత్తిరించమంటున్నాను. ఏది ఎక్కడుంటుందో పిల్లలే పెడతారు, తప్పైతే పెద్దావిడ జరుపుతుంది. ఋతుస్రావం ఎందుకు, గర్భం ఎలా, వ్యాధి పైకి పాకితే గొట్టాలు ఎక్కడ మూసుకుపోతాయి అన్నవన్నీ ఆ దుప్పటి మీదే చెప్పొచ్చు. అయ్యాక దుప్పటి ఎవరి దగ్గర ఉండాలన్నది ఆడవాళ్లే నిర్ణయిస్తారు, మీరు ఫోటో తీయకండి.

ల్యాబ్‌బల్ల:

ఎర్రమట్టి గారు చెప్పినదానికి క్లినిక్ వైపు సంగతులు కలుపుతాను. పాఠం విని ధైర్యం తెచ్చుకుని వచ్చిన పిల్లకి "మంగళవారం రా" అన్నారంటే మళ్లీ రాదు. కిట్లు, మందులు సిద్ధంగా లేకపోతే పాఠం వాయిదా వేయడమే మంచిది.

ఉత్తర ఆస్ట్రేలియాలో సిఫిలిస్ వ్యాప్తి 2011లో వాయవ్య క్వీన్స్‌లాండ్‌లో మొదలై నార్తర్న్ టెరిటరీకి, పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీకి, తర్వాత సౌత్ ఆస్ట్రేలియాకి పాకింది. ఎక్కువగా దెబ్బతిన్నది 15 నుంచి 29 ఏళ్ల అబొరిజినల్ యువత. పుట్టుకతో సిఫిలిస్ వచ్చి పసిపిల్లలు చనిపోయారు. కాబట్టి "మూత్ర పరీక్ష చేసేశాం" అని ఊరుకోకూడదు, ప్రతి సుఖవ్యాధి చెకప్‌లోనూ రక్తం ఉండాలి.

మూత్రం: క్లామిడియా, గనేరియా, ట్రైకోమోనాస్‌లకి పీసీఆర్. కావాల్సింది మొదటి ధార, దాదాపు 20 మి.లీ. ఇన్ఫెక్షన్ అనుమానంతో ఇచ్చే మధ్యధార మూత్రం ఇందుకు పనికిరాదు. డబ్బా నిండా పోస్తే సూక్ష్మజీవులు పలచబడి ఫలితం తప్పు రావొచ్చు. అందుకని డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి ఇవ్వండి, చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. ఆడవాళ్లకి మూత్రం కంటే వాళ్లే తీసుకునే యోని స్వాబ్ మెరుగు. ఊళ్లోనే పీసీఆర్ చేసే జీన్‌ఎక్స్‌పర్ట్ మెషీన్ ఉంటే ఫలితం గంటన్నరలో చేతికొస్తుంది, అదే రోజు మందు ఇచ్చేయొచ్చు. లేకపోతే శాంపిల్ విమానంలో వెళ్లి రావాలి. ఈలోగా మనిషి ఇంకో ఊరికి వెళ్లిపోతారు. అందుకే నమూనా తీసుకునేటప్పుడే "ఫలితం వస్తే ఎవరి ద్వారా, ఎక్కడికి కబురు చేయాలి" అని రాసుకోండి. ఫోన్ నంబర్లు మాటిమాటికీ మారతాయి, ఇంట్లో ఫోన్ నలుగురి చేతుల్లో ఉంటుంది. ఫలితం మెసేజ్‌లో రాయొద్దు.

వేలి రక్తంతో చేసే సిఫిలిస్ టెస్ట్ 15 నిమిషాల్లో తేలుతుంది. గీత కనబడితే కంగారు పడొద్దు. ఎప్పుడో తగ్గిపోయిన సిఫిలిస్ ఉన్నవాళ్లకి కూడా ఆ గీత జీవితాంతం వస్తుంది. నార్తర్న్ టెరిటరీలో సిఫిలిస్ రిజిస్టర్ ఉంది, ఫోన్ చేస్తే పాత ఫలితాలు, చికిత్సలు చెబుతారు. జబ్బు ఇప్పుడు చురుగ్గా ఉందా అన్నది చూసే ఆర్‌పీఆర్ పరీక్షకి సిర నుంచి రక్తం తీసి పంపడం మాత్రం మానొద్దు.

కొత్తగా సోకిన సిఫిలిస్‌కి బెంజాథీన్ పెన్సిలిన్ 1.8 గ్రాములు ఒకేసారి, అంటే 0.9 గ్రాముల సిరంజిలు రెండు, రెండు వైపులా ఒక్కోటి. పాతదైతే లేదా ఎప్పటిదో తేలకపోతే అదే డోసు వారానికొకటి చొప్పున మూడు వారాలు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. రుమాటిక్ గుండెజబ్బు ఉన్న పిల్లలు ఇదే మందు మూడు నాలుగు వారాలకోసారి 0.9 గ్రాములు తీసుకుంటూ ఉంటారు. "ఎలాగూ పెన్సిలిన్ పడుతోందిగా" అని వదిలేస్తే సిఫిలిస్‌కి సగం డోసే పడినట్టు.

ఇంజక్షన్ ఇచ్చిన 24 గంటల లోపు కొందరికి జ్వరం, వణుకు, తలనొప్పి వస్తాయి. చచ్చే సూక్ష్మజీవుల వల్ల వచ్చే స్పందన ఇది, ఒక రోజులో పోతుంది. ముందే చెప్పి పారాసెటమాల్ చేతిలో పెట్టండి. చెప్పకపోతే "క్లినిక్ సూది వేసి జబ్బు తెప్పించింది" అన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. గర్భిణి అయితే ఇంటికి పంపకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

గర్భిణులకి సిఫిలిస్ పరీక్ష మొదటి విజిట్‌లో, 26-28 వారాలకి, 36 వారాలకి, ప్రసవమప్పుడు, ఆ తర్వాత ఆరు వారాలకి. ప్రసవానికి కనీసం 30 రోజుల ముందు చికిత్స పూర్తయితేనే బిడ్డకి సరిపోయినట్టు లెక్క. "మొదటిసారి నెగెటివే కదా" అని మిగతావి వదిలేసిన చోటే బిడ్డలకి వస్తోంది. మధ్యలో భాగస్వామి ద్వారా మళ్లీ సోకొచ్చు.

ఎవరు ఎందుకు వచ్చారో వెయిటింగ్ హాల్లో తెలియకుండా ఉండాలంటే ఏడాదికోసారి చేసే అబొరిజినల్ హెల్త్ చెక్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో ఐటెం 715), అందులోనే ఇవన్నీ కలిపేయండి. బీపీ, షుగర్, చెవి పరీక్షలతో పాటు మూత్రం, రక్తం కూడా. అప్పుడు అందరూ అన్నిటికీ వచ్చినవాళ్లే. కలిపేశాం కదా అని చెప్పకుండా చేయకూడదు సుమా. ఏ పరీక్ష దేనికో విడిగా చెప్పి సరేనంటేనే చేయాలి.

కొత్తపోస్టింగ్:

చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. ఆడమనిషిని కాబట్టి అబ్బాయిల పాఠంలో నా పాత్ర ఏమిటి? 14, 15 ఏళ్ల పిల్ల కండోమ్ అడిగితే చట్టం ఏమంటుంది?

దక్షిణపుగాలి:

అబ్బాయిల పాఠంలో మీ పాత్ర సామాన్లు సర్దిపెట్టడం వరకే. మగ హెల్త్ ప్రాక్టీషనర్, పెద్ద మగవాళ్లు చూసుకుంటారు. మగ సిబ్బంది ఎవరూ లేకపోతే పక్క ఊరి నుంచి పిలిపించమని మేనేజర్‌ని అడగండి, అంతవరకు ఆగండి. ఆలిస్ స్ప్రింగ్స్‌లో కాంగ్రెస్ అనే అబొరిజినల్ ఆరోగ్య సంస్థ ఆడవాళ్లకి అలుకూర, మగవాళ్లకి ఇంగ్కింట్యా అని రెండు విడివిడి క్లినిక్‌లు నడుపుతోంది. మీ చిన్న క్లినిక్‌లో రెండో భవనం ఎలాగూ ఉండదు. వెనక తలుపు మగవాళ్లకి కేటాయించడం, వారంలో ఒక సాయంత్రం మగ సిబ్బందే ఉండటం లాంటివి చేయొచ్చు.

మగవాళ్లు మొదట్లో దూరంగా ఉంటే దాన్ని నిర్లక్ష్యం అనుకోవద్దు. 2007లో ఫెడరల్ ప్రభుత్వం పిల్లలపై లైంగిక హింసను కారణంగా చూపి నార్తర్న్ టెరిటరీ అబొరిజినల్ ఊళ్ల మీద అత్యవసర చర్యలు మొదలుపెట్టింది, సైన్యాన్ని కూడా దింపింది. తప్పు చేసినవాడికీ చేయనివాడికీ తేడా లేకుండా ఊళ్లో మగవాళ్లందరి మీదా ఆ ముద్ర పడింది. ఆ తర్వాత పిల్లలు, శరీరం అన్న మాటలు ఒకే వాక్యంలో వస్తే లేచి వెళ్లిపోయే తాతలు ఉన్నారు. తండ్రి బాధ్యతలు, గుండె, కిడ్నీ ఆరోగ్యం దగ్గర మొదలుపెడితే మాట నెమ్మదిగా ఇటు వస్తుంది.

చట్టం. నార్తర్న్ టెరిటరీలో సమ్మతి వయసు 16. పిల్లలకి హాని జరిగిందని నమ్మడానికి కారణం ఉంటే అక్కడ నర్సే కాదు, పెద్దవాళ్లెవరైనా రిపోర్ట్ చేసి తీరాలి. 14 ఏళ్లలోపు పిల్లల లైంగిక చర్య ఏదైనా రిపోర్ట్ చేయాల్సిందే. 14, 15 ఏళ్లవాళ్ల విషయంలో ఆరోగ్య సిబ్బంది చూడాల్సింది భాగస్వామి వయసు తేడా. రెండేళ్లు దాటితే రిపోర్ట్. బలవంతం, భయం, డబ్బు, మద్యం ఇవ్వడం ఉంటే తేడా ఎంతైనా రిపోర్టే. ఇది తెలుసుకుని, గోప్యత గురించి మాట ఇచ్చే ముందే చెప్పండి: "నువ్వు చెప్పేది బయటికి పోదు, కానీ నీకు ప్రమాదం ఉందనిపిస్తే నేను ఇంకొకరికి చెప్పాలి." తర్వాత చెబితే మోసం చేసినట్టే. ఒకప్పుడు పిల్లల్ని ప్రభుత్వం ఎత్తుకుపోయిన కుటుంబాలు అవి. ఎవరికి చెబుతారు, ఆ తర్వాత ఏం జరుగుతుంది అన్నది దాచకుండా చెప్పాలి.

కండోమ్ ఇవ్వడానికి వీటిలో ఏదీ అడ్డు కాదు. అసలు అడిగే అవసరమే రాకుండా చూడండి. టాయిలెట్లలో, క్లినిక్ బయటి గోడకి, దుకాణం పక్కన డబ్బాలు పెట్టించి, ఎవరూ చూడని వేళ నింపే మనిషిని పెట్టుకోండి. కౌంటర్ మీద బుట్టలో పెడితే నిండుగానే మిగిలిపోతాయి. ఎండ సంగతి మరవొద్దు. క్లినిక్ బండి (ట్రూప్ క్యారియర్) డ్యాష్‌బోర్డ్‌లో, రేకు గోడకి ఎండ తగిలే వైపు పెట్టిన కండోమ్‌లలో రబ్బరు పాడై తేలిగ్గా చిరుగుతుంది. నీడలో పెట్టించి, నెలకోసారి తేదీలు చూసి మార్చండి. బేబీ ఆయిల్, వ్యాజలైన్ లేటెక్స్‌ని పాడుచేస్తాయి, అందుకే నీటితో చేసిన లూబ్రికెంట్ పొట్లాలు కూడా అదే డబ్బాలో వేయాలి.

సిస్టర్‌గర్ల్స్, బ్రదర్‌బాయ్స్ (అబొరిజినల్ ట్రాన్స్‌జెండర్ మనుషులు) కూడా ఊళ్లో ఉండొచ్చు. వాళ్లు ఏ గుంపులో కూర్చుంటారన్నది వాళ్లనే అడగాలి, అది కూడా నలుగురిలో కాదు.

మంత్రసానిబడి:

ఫోటోల గురించి ఎవరూ చెప్పలేదు. పుండ్ల ఫోటోలు వద్దు. చూసినవాళ్లకి అసహ్యం మిగులుతుంది, పైగా "నాకు అలాంటిదేమీ లేదు" అని నిశ్చింతగా ఉండిపోతారు. క్లామిడియా, గనేరియా చాలామందిలో ఏ లక్షణమూ చూపవు. "ఏమీ కనబడకపోయినా ఉండొచ్చు" అన్నదే అసలు పాఠం, దానికి ఫోటో ఉండదు. బొమ్మలు ఆ ఊరి చిత్రకారుల చేతే గీయించి, వాళ్లకి డబ్బు ఇవ్వండి. సెంట్రల్ డెజర్ట్ చుక్కల చిత్రాన్ని టాప్ ఎండ్ పోస్టర్ మీద అతికిస్తే అది ఇంకొకరి కథ దొంగిలించినట్టు. 1987లో టౌన్స్‌విల్‌లో అబొరిజినల్ ఆరోగ్య కార్యకర్తలు కండోమ్యాన్ అనే సూపర్‌హీరోని పోస్టర్ మీదికి తెచ్చారు. దాన్ని ఊహించింది, గీయించింది సముదాయం మనుషులే, అందుకే జనం నవ్వుతూ గోడలకి అంటించుకున్నారు.

గర్భనిరోధకాల దగ్గర నా మాట కాస్త గట్టిగా ఉంటుంది. అబొరిజినల్ ఆడవాళ్లకి డెపో ఇంజక్షన్ సరిగ్గా చెప్పకుండా, అడగకుండా ఇచ్చారన్న ఫిర్యాదులు దశాబ్దాలుగా ఉన్నాయి. ఆ అమ్మమ్మలే మీ ఎదురుగా కూర్చుంటారు. "ఇది మీకు బాగా సరిపోతుంది" అని మొదలుపెట్టకండి. పిల్లలు కావాలా, ఎప్పుడు కావాలా అని ముందు అడగండి. కావాలంటే ఆ మాటే మాట్లాడండి: ఫోలిక్ యాసిడ్, సిఫిలిస్ పరీక్ష, రక్తహీనత. వద్దంటే అప్పుడు అన్ని రకాలూ చేతిలో పెట్టి చూపండి.

చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ మూడేళ్లు పనిచేస్తుంది. నెలసరి ఎప్పుడొస్తుందో చెప్పలేని పరిస్థితి రావొచ్చు, కొందరికి వారాల తరబడి రక్తం కనిపిస్తుంది. రక్తం విషయంలో కట్టుబాట్లున్న చోట ఇది చిన్న ఇబ్బంది కాదు, ముందే తెలియాలి. వేలితో తడిమితే తెలుస్తుంది కాబట్టి భర్తకో అత్తకో తెలియకూడదనుకునేవాళ్లకి కుదరకపోవచ్చు. డెపో 12 వారాలకోసారి. ఆపాక గర్భం రావడానికి నెలల తరబడి ఆలస్యం కావొచ్చు, అది చెప్పకపోతే "సూది గొడ్రాలిని చేసింది" అంటారు. ఇంప్లాంట్ తీసేయమని అడిగినరోజే తీయగలిగేవాళ్లు ఊళ్లోకి ఎన్నాళ్లకోసారి వస్తారో పెట్టకముందే చెప్పండి. పెట్టడానికి ఉండి తీయడానికి ఎవరూ లేని క్లినిక్‌లో ఇచ్చిన అంగీకారం సగమే.

కుర్రతల్లులతో కూర్చున్నప్పుడు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కూడా చెప్పండి. 25 నుంచి 74 ఏళ్ల వరకు, ఫలితం మామూలుగా ఉంటే అయిదేళ్లకోసారి ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్ష. 2022 జూలై నుంచి ఎవరికి వాళ్లు తలుపేసుకుని స్వాబ్ తీసుకోవచ్చు. కాళ్లు ఎడం చేసి పడుకోవాల్సిన పని లేదు, ఈ ఒక్క మాటకే చాలామంది ముందుకొస్తారు. కొన్ని సెంటీమీటర్లు లోపలికి పెట్టి మెల్లగా తిప్పి తీస్తే చాలు. 16 లేదా 18 రకం వైరస్ కనబడితే నేరుగా కాల్పోస్కోపీకి (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షకి) పంపాలి. అది పెద్ద ఊళ్లో ఉంటుంది కాబట్టి ప్రయాణానికి, తోడు వచ్చే మనిషికి ఏర్పాటు ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆ ఏర్పాటు లేకే ఫలితం వచ్చాక కూడా చాలామంది ఆగిపోతారు. పిల్లలకి హెచ్‌పీవీ టీకా 2023 నుంచి ఒకటే డోసు. స్కూల్లో వేసిన రోజు ఊళ్లో లేనివాళ్ల జాబితా తీసుకుని క్లినిక్‌లో వేయండి, 25 ఏళ్లదాకా ఉచితం.

కొత్తపోస్టింగ్:

మేనేజర్ ఆరు వారాల షెడ్యూల్ పంపమన్నారు. ఏమని రాయను?

ఎర్రమట్టి:

వారాల వారీగా రాయకండి. మొదట పెద్దావిడల, పెద్దాయనల సమావేశాలు, అందులో కూర్చున్న ప్రతి ఒక్కరికీ వాళ్ల సమయానికి చెల్లింపు, భోజనం, బండి. తర్వాత బొమ్మల పరిశీలన, దుబాసీతో మాటల ఖాయం. ఆ తర్వాతే పాఠాలు, అవి కూడా ఆడవాళ్లవి, మగవాళ్లవి విడి వరుసల్లో. ప్రతి పాఠానికి మర్నాడు క్లినిక్‌లో ఒక పూట పరీక్షలకి వచ్చేవాళ్ల కోసం ఖాళీగా ఉంచండి. పాజిటివ్ వచ్చినవాళ్లకి మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. మరీ తొందరగా చేస్తే పీసీఆర్‌లో చచ్చిన సూక్ష్మజీవుల ఆనవాళ్లు కూడా పాజిటివ్ చూపిస్తాయి. నవంబర్ తర్వాత వానలకి రోడ్లు మూసుకుపోతాయి కాబట్టి బయటి నుంచి రావాల్సిన దుబాసీ, మగ సిబ్బంది, ఇంప్లాంట్ తీసే డాక్టర్ అంతా పొడి నెలల్లోనే. ఎవరైనా చనిపోతే అంతా వెనక్కి జరుగుతుందని పైనే ఒక వాక్యం రాయండి, సముదాయం సంస్థ కాబట్టి మేనేజర్‌కి అది కొత్త విషయం కాదు. పాఠం చెప్పేవాళ్లు అన్న గడిలో మీ పేరు రాయొద్దు, హెల్త్ ప్రాక్టీషనర్ పేరూ, పెద్దావిడ పేరూ వాళ్లని అడిగి రాయండి. మీ పేరు కిట్లు, మందులు, ఫలితాల గడిలో.